నిద్రపోతున్న మనిషిని ఒప్పించగలరా?

మెలకువగా ఉన్న మనిషి చేత ఒక అలవాటు మాన్పించడానికే తల ప్రాణం తోకకొస్తుంది. అలాంటిది గాఢనిద్రలో ఉన్న మనిషిని లేపకుండా, విసిగించకుండా, వెల్లకిలా నుంచి పక్కకు తిప్పాలంటే? కొడిమ్యాల మండలం నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో డిగ్రీ, పాలిటెక్నిక్ చదివేవాళ్లకు ఈ ప్రశ్నే ప్రాజెక్టుగా తీసుకోండని నా సలహా. పడుకున్నప్పుడు ఒంటికి కట్టుకునే చిన్న పరికరం. దీనికి కావలసిన సెన్సర్, మోటారు, బ్యాటరీ చవగ్గానే దొరుకుతాయి. దొరకనిది, మీరు సంపాదించుకోవలసింది, ఎదుటి మనిషి ఎలా బతుకుతున్నదో గమనించే ఓపిక. ఆ ఓపికను ఇంతగా నేర్పే ప్రాజెక్టు ఇంకొకటి నాకు తోచడం లేదు.

ఈ పరికరమే ఎందుకంటే, ఒంటినొప్పులు, నిద్రలేమి మన దగ్గర ఇంటింటి సంగతి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వాడల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి, తునికాకు కత్తిరిస్తూ గంటల తరబడి బీడీలు చుడతారు. రాత్రి నడుం వాల్చేసరికి మెడ పట్టేసి ఉంటుంది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య రాత్రంతా నిలబడ్డవాళ్లు పొద్దు పొడిచాక, ఎండ ఇంట్లోకి వస్తుండగా పడుకుంటారు. మన ఊళ్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు మంచం మీద మంచం వేసిన క్యాంపు గదుల్లో ఉంటారు. ఆ గదిలో ఒక్కరు గురక పెడితే మిగతావాళ్లందరికీ జాగారమే. వీళ్లలో ఎవరి కోసం చేస్తున్నారో ముందు తేల్చుకోండి. "అందరి కోసం" అనుకున్నారంటే అది ఎవరికీ సరిగ్గా సరిపోదు.

తేల్చుకున్నాక వెళ్లి అడగండి. అడిగేటప్పుడు ఇంజినీరులా అడగొద్దు. "అక్కా, లేవంగనే ఏడ నొస్తది? ఎటు మర్లి పండుకుంటే మంచిగనిపిస్తది? రాత్రి ఎన్నిసార్లు లేస్తవు?" అని అడగండి. మంచమా, చాపా, బొంతా? మెత్త ఎత్తుగా ఉందా, పలచగా ఉందా? పక్కన చంటిపిల్ల పడుకుంటుందా? ఇవేవీ ప్రాజెక్టు రిపోర్టుల్లో కనిపించవు. కానీ పరికరం నిలబడేదీ, మూలన పడేదీ వీటి మీదే.

చింతకింది మల్లేశం కథ మీకు తెలిసే ఉంటుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి చీర నేతకు దారం చుట్టే ఆసు పోసి పోసి భుజాల నొప్పితో బాధపడేది. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. చదువు మధ్యలో ఆగిపోయిన ఆ కొడుకు ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ కథలో పట్టుదలనే అందరూ మెచ్చుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యం అనిపించేది, నొప్పి ఎవరిదో, ఏ కదలిక వల్ల వస్తుందో ఆయనకు మొదటి రోజు నుంచే కచ్చితంగా తెలుసు. పరికరం ఎన్నిసార్లు విఫలమైనా ఆ సంగతి మారలేదు కాబట్టి పని ఆగలేదు.

ఇప్పుడు శాస్త్రం సంగతి. అందరికీ సరిపడే ఒకే ఒక్క భంగిమ అంటూ లేదు. వెల్లకిలా పడుకుంటే నాలుక, గొంతులోని మెత్తటి కండరాలు వెనక్కి జారి శ్వాసదారి ఇరుకవుతుంది. అందుకే గురక. కొందరికి శ్వాస పది సెకన్లకు పైగా ఆగిపోయి, మళ్లీ మళ్లీ అలాగే జరుగుతుంది. దాన్నే స్లీప్ ఆప్నియా అంటారు. అమెరికా శాస్త్రవేత్త రోసలిండ్ కార్ట్‌రైట్ 1984లోనే ఈ జబ్బు తీవ్రత పడుకునే తీరును బట్టి మారుతుందని చూపించారు. ఈ రోగుల్లో సగానికి పైగా మందికి వెల్లకిలా ఉన్నప్పుడే బాధ ఎక్కువ. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులతో బాధపడేవాళ్లకు ఎడమవైపు తిరిగి పడుకోవడం మేలు. అన్నం తిన్నాక ఎడమవైపు ఒరగాలని మన పెద్దవాళ్లు చెబుతూ వచ్చినదానికి ఇక్కడ ఆధారం దొరుకుతుంది. ఆ పక్కన జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహిక ద్వారానికి కింద ఉండిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌ వైద్యులు ఛాతీకి అంటించుకునే వణికే పరికరంతో రోగులను ఎడమవైపు తిప్పి, రాత్రి మంట తగ్గుతుందని ప్రయోగంలో చూపించారు కూడా. ఇక మెడ, నడుం నొప్పుల విషయంలో ఆధారాలు ఇంత గట్టిగా లేవు. బోర్లా పడుకుంటే మెడ గంటల తరబడి ఒకవైపే మెలిపడి ఉంటుందనీ, పక్కకు పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య మెత్త పెట్టుకుంటే నడుముకు హాయిగా ఉంటుందనీ చెప్పగలం. దానికి పరికరం అక్కర్లేదు, ఒక మెత్త చాలు. మెత్తతో తీరే కష్టానికి సర్క్యూట్ తగిలించకపోవడం కూడా ఇంజినీరు నేర్చుకోవలసిన విద్యే.

మనిషి నిద్రలో శిలలా ఉండడు. డెన్మార్క్‌లో 664 మంది కార్మికుల ఒంటికి సెన్సర్లు కట్టి చూస్తే, వాళ్లు పడుకున్న సమయంలో దాదాపు 54 శాతం పక్కకు, 38 శాతం వెల్లకిలా, 7 శాతం బోర్లా గడిపారు. అటూ ఇటూ మసలడం ఆరోగ్యమే. మనిషిని ఒకే భంగిమలో కట్టిపడేసే పరికరం చేస్తే చేటు చేసినవాళ్లమవుతాం. చెడు చేసే భంగిమలో ఎక్కువసేపు ఉండకుండా చూడటం వరకే దాని పని.

ఈ రంగంలో నాకు బాగా నచ్చిన పాఠం ఒక బంతిది. 1984లో 'చెస్ట్' అనే వైద్యపత్రికలో ఒక చిన్న ఉత్తరం అచ్చయింది. భర్త గురక భరించలేని ఒక భార్య, ఆయన పడక చొక్కాకు వెనకవైపు జేబు కుట్టి అందులో బంతి పెట్టింది. వెల్లకిలా తిరిగితే బంతి గుచ్చుకుంటుంది, పక్కకు తిరిగితే హాయి. గురక ఆగింది. ఖర్చు దాదాపు సున్నా. డాక్టర్లు కూడా దీన్నే టెన్నిస్ బంతి పద్ధతిగా చాలామందికి చెప్పారు. మరి రోగులు దాన్ని వాడుతూ పోయారా? ఆస్ట్రేలియాలో ఈ పద్ధతి సూచించిన రోగులను సగటున రెండున్నరేళ్ల తర్వాత అడిగారు. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. నూటికి ఆరుగురే ఇంకా వాడుతున్నారు. మరో 13 మందికి వెల్లకిలా పడుకోకపోవడం అలవాటై బంతి అవసరం లేకుండా పోయింది. మిగిలిన 81 మంది బంతినీ వదిలేశారు, పాత పడకకే తిరిగొచ్చారు.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగండి. బంతి తన పని తాను చేసింది. రోగికి దానివల్ల మేలు జరుగుతుందనీ తెలుసు. అయినా తీసి పక్కన పెట్టాడు, ఎందుకంటే అది రాత్రంతా గుచ్చింది, నిద్ర చెడగొట్టింది. ఇంట్లో మనం చెప్పే మంచిమాటలు కూడా ఎన్నోసార్లు ఇలాగే పోతాయి. మాట సరైనదే, చెప్పిన తీరు గుచ్చుకుంటుంది, వినేవాడు మాటతో పాటు మననూ దూరం పెడతాడు. మీ పరికరం చేస్తూ చేస్తూ ఈ సంగతి మీ ఒంటికి పట్టించుకుంటే, రేపు మీ తమ్ముడితో, మీ కింద పనిచేసేవాళ్లతో మాట్లాడే తీరు మారుతుంది. ఆ నూటికి 13 మందిని కూడా మరచిపోవద్దు. కొన్నాళ్లకు పరికరం విప్పేసినా అలవాటు నిలిచిన మనుషులు వాళ్లు. మీ గురి అదే కావాలి.

ఆ తర్వాత వచ్చిన పరికరాలు బంతి నుంచి సరిగ్గా ఈ పాఠమే నేర్చుకున్నాయి. అమెరికాలో 2014లో అనుమతి పొందిన 'నైట్ షిఫ్ట్'ను మెడ వెనక కట్టుకుంటారు. నెదర్లాండ్స్‌లో పుట్టి తర్వాత ఫిలిప్స్ చేతికి వెళ్లిన 'నైట్‌బ్యాలెన్స్'ను ఛాతీకి కట్టుకునేలా చేశారు. వెల్లకిలా తిరిగితే రెండూ మెల్లగా వణుకుతాయి, తిరగకపోతే కొంచెం కొంచెంగా పెంచుతాయి. నైట్‌బ్యాలెన్స్ అయితే మొదటి రాత్రుల్లో అసలేమీ చెయ్యదు, ఊరికే గమనిస్తుంది. ఆ తర్వాత రోజుకింత చొప్పున అలవాటు చేస్తుంది. ముందు గమనించి, తర్వాత మెల్లగా మొదలుపెట్టడం ఎంత మర్యాద!

మీరు చేయబోయేదానికి ఎంపీయూ-6050 లాంటి చిన్న యాక్సెలరోమీటర్ చాలు. భూమ్యాకర్షణ ఎటు ఉందో అది చెబుతుంది. ఛాతీ మీద పెట్టి, ఛాతీ నుంచి బయటికి చూసే అక్షాన్ని గమనించండి. వెల్లకిలా ఉంటే ఆ విలువ ప్లస్ ఒక జి దగ్గర, పక్కకు తిరిగితే సున్నా దగ్గర, బోర్లా పడితే మైనస్ ఒక జి దగ్గర ఉంటుంది. మిగతాదంతా ఇంటర్ గణితంలో చదువుకున్న కోణాలే. చేతి గడియారంలో పెట్టాలని చాలామందికి తోస్తుంది. వద్దు. నిద్రలో చెయ్యి తల కింద ఉండొచ్చు, పొట్ట మీద ఉండొచ్చు, మంచం బయట వేలాడొచ్చు. మొండెం ఎటు తిరిగిందో మణికట్టుకు తెలియదు.

చిక్కులు చిన్నచిన్నచోట్ల ఉంటాయి. వెల్లకిలా, పక్కకు అనే హద్దును ఒకే కోణం దగ్గర పెడితే, మనిషి ఆ కోణం దగ్గరే కదలాడుతున్నప్పుడు మోటారు మోగుతూ ఆగుతూ పిచ్చెక్కిస్తుంది. మోగడానికి ఒక కోణం, ఆగడానికి ఇంకొంచెం దూరంగా మరో కోణం పెట్టండి. తిరిగిన వెంటనే మోగించొద్దు, కొంతసేపు ఆగి చూడండి, చాలాసార్లు మనిషి తానే మళ్లీ తిరుగుతాడు. పడుకున్న తొలి అరగంట పరికరం నోరు మెదపకూడదు, నిద్ర పట్టనివ్వాలి. మోటారు వణుకుతున్నప్పుడు సెన్సర్ కూడా వణుకుతుంది కాబట్టి ఆ క్షణాల రీడింగు లెక్కలోకి తీసుకోవద్దు. మోటారును నేరుగా మైక్రోకంట్రోలర్ పిన్నుకు కలిపితే పిన్ను తట్టుకోలేదు, మధ్యలో ట్రాన్సిస్టర్, డయోడ్ ఉండాలి. చెక్క మంచం మీద, గచ్చు మీద ఆ వణుకు చప్పుడై పక్కవాళ్లను లేపుతుంది కనుక కింద ఫోమ్ వెయ్యండి. గల్ఫ్ గదిలో ఉన్నవాడికి ఈ ఒక్క ఫోమ్ ముక్క మీ ప్రోగ్రాం మొత్తం కన్నా విలువైనది.

వైఫై మీద మోజు వదులుకోండి. ఈఎస్‌పీ-32 లాంటి బోర్డు వైఫైతో నడుస్తూ 100 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 500 ఎంఏహెచ్ బ్యాటరీ ఐదు గంటల్లో అయిపోతుంది. తెల్లవారుజామున, పరికరం ఇంకా పనిలో ఉండాల్సిన వేళకు అది చచ్చిపోతుంది. అసలు అంత సమాచారం పంపాల్సిన పనేముంది? పది సెకన్లకోసారి భంగిమ రాసుకున్నా ఎనిమిది గంటలకు 2,880 అంకెలు, బోర్డులోనే దాచుకోవచ్చు. పైగా ఒక మనిషి రాత్రి ఎప్పుడు లేచింది, ఎటు తిరిగింది అన్నది ఆమె సొంత విషయం. అది ఆమె ఇల్లు దాటకపోవడమే మర్యాద. లిథియం బ్యాటరీ ఒంటికి ఆనుకుని ఉంటుంది గనుక రక్షణ సర్క్యూట్ ఉన్నదే కొనండి. ఛార్జింగు పెట్టి కట్టుకునే వీలే ఉండకూడదు.

ఇక బట్ట. పరికరం ఫెయిలయ్యేది ఎక్కువగా ఇక్కడే, ఎలక్ట్రానిక్స్ పిల్లలు పట్టించుకోనిదీ దీన్నే. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఉక్కలో ఛాతీ చుట్టూ పాలిస్టర్ పట్టీ ఎవరు కట్టుకుంటారు? చెమట పొక్కులు వస్తాయి, విప్పి పారేస్తారు. నూలు బట్ట కావాలి, పట్టీ సడలాలి, బిగుసుకోకూడదు, పరికరాన్ని జేబులోంచి తీసి పట్టీని ఉతుక్కునే వీలుండాలి. చీర కట్టుకునే అవ్వకు ఎక్కడ తగిలించాలి, నైటీ వేసుకునే అక్కకు ఎక్కడ? మీ దగ్గర్లోనే మరమగ్గాల సిరిసిల్ల ఉంది. 2021లో మొదలైన అక్కడి జేఎన్‌టీయూ కాలేజీలో టెక్స్‌టైల్ టెక్నాలజీ చదివే పిల్లలున్నారు. వాళ్లతో జట్టు కట్టండి. తనకు రాని పని వచ్చిన మనిషి దగ్గరికి వెళ్లి "నాకు రాదు, మీరు చెప్పండి" అనడం ఎంత పెద్ద బలమో ఆ జట్టులోనే తెలుస్తుంది. దర్జీని కూడా కలవండి. బెల్టు ఎక్కడ ఒరుసుకుంటుందో ఆయన చూపుతోనే చెప్పేస్తాడు.

గర్భిణుల సంగతి వేరుగా చెప్పాలి. ఏడో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భాశయం వెన్ను పక్కనున్న పెద్ద సిరను నొక్కుతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. ఐదు అధ్యయనాలను కలిపి 2019లో చూస్తే, 28 వారాల తర్వాత వెల్లకిలా నిద్రకు ఉపక్రమించిన తల్లుల్లో బిడ్డ కడుపులోనే చనిపోయే అవకాశం 2.6 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఎడమైనా కుడైనా పక్కకు పడుకోవడమే మేలు. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నామని చూసుకుంటే భయపడనక్కర్లేదు, తిరిగి పక్కకు ఒరిగితే చాలు. ఒక బృందం దీనికోసమే 'ప్రెనాబెల్ట్' అనే నడుం పట్టీ చేసి, ఘనా రాజధాని అక్రాలోని కోర్లె బూ ఆసుపత్రిలో గర్భిణులతో పరీక్షించింది. పక్కకు తిప్పే పని అందులో సర్క్యూట్‌ది కాదు, వెనకవైపు జేబుల్లోని బంతులది. గర్భిణులతో మీరు సొంతంగా ప్రయోగాలు చెయ్యొద్దు. గైనకాలజిస్టు, ఆసుపత్రి నైతిక సంఘం ముందుండి నడిపితే తప్ప ఆ గడప తొక్కకూడదు. అయితే పడక తీరు గురించి మీ వదినకో, అక్కకో ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈరోజే చెప్పండి.

పసిపిల్లల విషయంలో నియమం పూర్తిగా తిరగబడుతుంది. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో దీని గురించి పెద్ద ప్రచారం నడిచాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. చంటిబిడ్డకు ఏ పరికరమూ కట్టొద్దు.

నన్నడిగితే మన ఊళ్లలో ఈ పరికరానికి అన్నిటికన్నా అవసరమైన చోటు మంచం పట్టిన పెద్దవాళ్ల ఇల్లు. కొడుకు దుబాయిలో, కోడలు బీడీల మీద, మామ పక్షవాతంతో మంచం మీద. ఒకే భంగిమలో గంటల తరబడి ఉంటే చర్మం నలిగి పుండ్లు పడతాయి, అందుకే నర్సులు సుమారు రెండు గంటలకోసారి పక్క మార్పిస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో రోగి ఛాతీకి సెన్సర్ అంటించి, పక్క మార్చే వేళైందని నర్సుకు గుర్తుచేసే ఏర్పాట్లు ఉన్నాయి. ఇంట్లో ఆ కోడలికి ఎవరు గుర్తుచేస్తారు? ఇక్కడ పరికరం పడుకున్నవాళ్లకు వణకనక్కర్లేదు. పక్కగదిలో పనిలో ఉన్న మనిషికి చిన్న బెల్లు మోగితే చాలు. అదే సెన్సర్, అదే ప్రోగ్రాం, రెండు వరుసలు మారితే సరి. గొప్పగా కనపడదు, పోటీల్లో చప్పట్లు పడకపోవచ్చు. అయినా ఇదే ముందు చెయ్యమంటాను.

పరీక్ష మొదట మీ ఒంటి మీదే జరగాలి. కొన్ని రాత్రులు మోటారు లేకుండా సెన్సర్ మాత్రమే కట్టుకుని, మీరు ఎలా పడుకుంటున్నారో చూసుకోండి. ఆ రికార్డు చూస్తే "నేను ఎప్పుడూ పక్కకే పడుకుంటా" అని అనుకునేవాళ్లు చాలామంది ఆశ్చర్యపోతారు. తన గురించి తాను అనుకునేదానికీ, జరిగేదానికీ మధ్య దూరాన్ని కోపం లేకుండా చూడగలిగితే సగం ఎదిగినట్టే. తర్వాత మోటారు పెట్టండి. తర్వాత స్నేహితుడికి కట్టండి, పొద్దున్నే అతను తిట్టే తిట్లు పూర్తిగా వినండి, మధ్యలో సమర్థించుకోవద్దు. "జబ్బు నయం చేస్తుంది" అని మాత్రం ఎక్కడా రాయొద్దు, అనొద్దు. మన దేశంలో వైద్య పరికరాలకు 2017 నియమాలున్నాయి, అమ్మాలంటే అనుమతులు కావాలి. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లను, పగలంతా తూగేవాళ్లను పరికరం దగ్గరికి కాదు, ముందు డాక్టరు దగ్గరికి పంపాలి.

సాయం చేసేవాళ్లు లేరనుకోకండి. మల్లేశం లాంటివాళ్లను వెలుగులోకి తెచ్చిన పల్లెసృజన సంస్థ హైదరాబాద్‌లో ఉంది. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 'ఇంటింటా ఇన్నోవేటర్' పేరుతో గ్రామాల ఆవిష్కరణలను ప్రదర్శనకు పిలుస్తుంది. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో నమూనాలు తయారుచేసే యంత్రాలున్నాయి. వేములవాడ దగ్గరి హన్మాజీపేట జిల్లా పరిషత్ బడిలో చదివిన ఓ కుర్రాడు, వడ్లు బస్తాలకెత్తడానికి నలుగురు మనుషులు పడే అవస్థ చూసి, ఒక్కరే నింపుకునే యంత్రం చేసి, బడిపిల్లల ఆవిష్కరణల పోటీ అయిన ఇన్‌స్పైర్ మానక్‌లో జాతీయ స్థాయిలో గెలిచాడు. అలాంటి అవస్థే మీ కళ్లముందూ ఉంది, పగలు కనిపించదు, అంతే.

కాబట్టి ఈ ఆదివారం సెన్సర్లకు ఆర్డర్ పెట్టకండి. మీ వాడలో ఒక్క మనిషిని ఎంచుకోండి. బీడీలు చుట్టే అక్కో, సాంచె నడిపే బాబాయో, మంచం పట్టిన తాతో. నోట్‌బుక్ మొదటి పేజీలో సర్క్యూట్ బొమ్మ వెయ్యొద్దు. నిన్న రాత్రి ఆ మనిషికి ఎలా గడిచిందో, వాళ్ల మాటల్లోనే, ఒక్క మాటా దిద్దకుండా రాయండి.